రోజంతా కుర్చీలో కూర్చోబెడుతున్నారక్కా, ఇంక నేర్చుకునేదేంటి?

సెలవులు దగ్గరపడేసరికి జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదివే పిల్లల నుంచి మెయిళ్ళు ఒక్కసారిగా పెరిగాయి. అన్నిట్లోనూ దాదాపు ఒకటే విషయం, పేపర్లోనో ఛానెల్లోనో వెబ్‌సైట్‌లోనో ఇంటర్న్‌షిప్ దొరికింది, ఉన్న కొద్ది వారాల్లో ఏం నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి అని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. చాలామంది పేరు వేయొద్దన్నారు, అందుకని ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: అక్కా, ఓ న్యూస్ ఛానెల్లో ఇంటర్న్‌గా చేరాను. పొద్దున్నే వెళ్తాను, ఒక కుర్చీ చూపిస్తారు, సాయంత్రం దాకా అక్కడే. పనేమైనా ఉందా అంటే "చూస్తూ ఉండమ్మా, అదే వస్తుంది" అంటారు. అప్పుడప్పుడు బైట్లు, అంటే కెమెరా ముందు మనుషులు మాట్లాడిన ముక్కలు, టైప్ చేయమంటారు, అంతే. ఇలాగే రోజులన్నీ అయిపోతాయేమో అని భయంగా ఉంది.

జవాబు: నీ భయం అర్థమైంది తల్లీ. కానీ ముందు ఒక మాట, వాళ్ళకి నీ మీద చిన్నచూపుండి అలా చేయట్లేదు. గంటకో బులెటిన్ వెళ్ళే చోట నీకు ఒక పని అప్పజెప్పాలంటే ఎవరో ఒకరు పది నిమిషాలు ఆగి వివరించాలి, నువ్వు చేసింది మళ్ళీ చూడాలి, తప్పుంటే దిద్దాలి, అంత తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. పైగా నువ్వెళ్ళి "ఏమైనా పనుందా సార్" అంటే, నీకేం చెప్పాలో ఆలోచించడం ఆయనకి ఇంకో పని అవుతుంది, అందుకే చూస్తూ ఉండమని అనేస్తారు.

కాబట్టి అడిగే పద్ధతి మార్చు. పని నువ్వే వెతుక్కుని, ఆయన సరే అనో వద్దు అనో అంటే సరిపోయేలా అడుగు. "సార్, ఈ ప్రెస్‌మీట్ ఫీడ్ నలభై నిమిషాలుంది, పనికొచ్చే బైట్లకి టైమ్‌కోడ్ (ఏ నిమిషంలో ఉందో) వేసి రాసివ్వనా?" "మేడం, సాయంత్రం ప్యాకేజ్‌కి (విజువల్స్‌తో తయారుచేసే కథనం) పాత విజువల్స్ లైబ్రరీలో వెతికి పెట్టనా?" ఇలా అడిగితే వద్దనేవాళ్ళు చాలా తక్కువ, ఎందుకంటే నువ్వు వాళ్ళ బరువు తగ్గిస్తున్నావు. ఇంకో పని కూడా చెయ్. పొద్దున మీటింగ్‌కి ముందే వచ్చేసి మిగతా పేపర్లూ ఛానెళ్ళూ చూసి, మీ దగ్గర లేని వార్తలు, అదే మిస్సింగులు, ఒక కాగితం మీద రాసి, రిపోర్టర్లకి పనులు అప్పజెప్పే అసైన్‌మెంట్ డెస్క్‌లో పెట్టు. ఎవరూ అడగకపోయినా పెట్టు. కొన్నాళ్ళు వరసగా పెట్టి ఒకరోజు పెట్టకపోతే, ఏదమ్మా ఇవాళ్టి లిస్టు అని వాళ్ళే అడుగుతారు.

ఇక బైట్లు టైప్ చేయడం గురించి. చాలామంది ఇంటర్నులు దీన్ని గుమాస్తా పని అనుకుని చిరాకు పడతారు, నాకైతే ఛానెల్లో ఇంతకంటే మంచి పాఠం లేదనిపిస్తుంది. ఒక మనిషి నలభై నిమిషాలు మాట్లాడాడు, ఎయిర్‌లోకి వెళ్ళింది పన్నెండు సెకన్లు. ఏ పన్నెండు? నువ్వు టైప్ చేసేటప్పుడే నీకు తోచిన ముక్క మార్క్ చేసి పెట్టుకో, బులెటిన్‌లో వచ్చినదాంతో పోల్చి చూడు. మొదట్లో అస్సలు కలవవు. నువ్వేమో లెక్కలు చెప్పిన ముక్క తీసుకుని ఉంటావు, వాళ్ళేమో ఆయన గొంతు మారిన ముక్క తీసుకుని ఉంటారు, ఎందుకంటే లెక్కలు రిపోర్టర్ వాయిస్ ఓవర్‌లో కూడా చెప్పొచ్చు, కోపమో బాధో మాత్రం ఆ మనిషి నోటి నుంచే రావాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, పోల్చుకుంటేనే తెలుస్తుంది.

రన్‌డౌన్ కూడా అంతే. ఏ వార్త తర్వాత ఏది, దేనికెన్ని సెకన్లు, ఏది యాంకర్ చదివేది, ఏది ప్యాకేజ్, ఎక్కడ లైవ్ అన్నీ అందులో ఉంటాయి. బులెటిన్‌కి ముందు ఒకసారి చూడు, అయ్యాక మళ్ళీ చూడు, ఏది పైకెళ్ళింది ఏది డ్రాప్ అయింది రాసుకో. పర్మిషన్ తీసుకుని పీసీఆర్‌లో, అంటే బులెటిన్ నడిపించే ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్‌లో, వెనకాల నిలబడి ఒక బులెటిన్ మొత్తం చూడు, అక్కడ మాత్రం నోరు మెదపకు, ఫోన్ సైలెంట్‌లో పెట్టు. అడగాల్సింది బులెటిన్ అయ్యాక, ప్రొడ్యూసర్ కాస్త ఊపిరి పీల్చుకున్నప్పుడు అడుగు, అదీ ఒక్క ప్రశ్నే. "ఆ మూడో వార్త ఎందుకు తీసేశారు సార్?" అలాంటి ప్రశ్నకి జవాబు చెప్పడం ఎవరికైనా ఇష్టంగానే ఉంటుంది.

ప్రశ్న: పేపర్లో చేస్తున్నానక్కా. ఎంత కష్టపడి రాసిచ్చినా వార్తలు దిద్దే డెస్క్‌లో మొత్తం మార్చేస్తున్నారు, నా వాక్యం ఒక్కటీ మిగలట్లేదు. బైలైన్, అంటే వార్త మీద నా పేరు, దాని మీదైతే ఆశే లేదు. నాకసలు రాయడం రాదేమో అనిపిస్తోంది.

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నిట్లో దీనికే ఎక్కువ చోటు ఇవ్వాలనిపించింది, ఎందుకంటే నీ ఇంటర్న్‌షిప్‌లో అసలు పాఠం నువ్వు బాధపడుతున్న చోటే ఉంది. నువ్వు రాసిచ్చిన కాపీకీ అచ్చులో వచ్చిన ఐటమ్‌కీ మధ్య తేడా చూడు, డెస్క్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి తనకి తెలిసినదంతా అందులోనే పెట్టేసి వెళ్ళాడు. దాన్ని నువ్వు చదవట్లేదు, చూసి బాధపడి పక్కన పెట్టేస్తున్నావు.

ఇలా చెయ్. డెస్క్‌కి పంపే ముందు నీ కాపీ ఒకటి దాచుకో. మర్నాడు పేపర్లో వచ్చింది పక్కన పెట్టుకుని లైన్ బై లైన్ చూడు. ప్రతి మార్పు పక్కనా ఎందుకు మార్చి ఉంటారో నీ ఊహ రాయి. ఊహకి అందనివి రెండో మూడో మిగులుతాయి, అవి మాత్రం షిఫ్ట్ అయిపోయే టైంకి ఆ సబ్ ఎడిటర్ దగ్గరికి వెళ్ళి అడుగు. "నాదెందుకు మార్చారు" అనకు, "ఇక్కడ ఈ పేరా పైకి తెచ్చారు కదా సార్, నాకు కారణం తట్టలేదు" అను. 

ఉదాహరణ చెప్తా. ఇంటర్న్ కాపీ సాధారణంగా ఇలా మొదలవుతుంది: "కళాశాల సెమినార్ హాల్లో నిన్న సాయంత్రం ప్రిన్సిపాల్ అధ్యక్షతన విద్యార్థులతో సమావేశం ఘనంగా జరిగింది. ఈ సందర్భంగా పలువురు వక్తలు మాట్లాడుతూ..." ఇలా సాగి సాగి ఐదో పేరాలో ఎక్కడో, హాస్టల్ ఫీజు ఈ ఏడాది పెంచట్లేదని ప్రిన్సిపాల్ చెప్పినట్టు ఉంటుంది. డెస్క్‌లో దీన్ని చూడగానే చేసే పని ఒక్కటే: "హాస్టల్ ఫీజు ఈ ఏడాది పెంచేది లేదని కళాశాల ప్రిన్సిపాల్ ప్రకటించారు." ఇంట్రో అయిపోయింది. మీటింగ్ జరగడం వార్త కాదు, మీటింగ్‌లో ఏం తేలిందో అది వార్త. నువ్వు జరిగిన వరసలో రాశావు, చదివేవాడికి కావాల్సిన వరసలో వాళ్ళు మార్చారు. జర్నలిజం క్లాసులో తలకిందులు పిరమిడ్ అని చెప్పే ఉంటారు, ముఖ్యమైంది పైన, తక్కువ ముఖ్యమైంది కిందకి. అది పరీక్ష కోసం కనిపెట్టింది కాదు. రాత్రి పేజీ పెట్టేటప్పుడు యాడ్ వచ్చి చోటు తగ్గితే కింది నుంచి కోసేస్తారు, ప్రాణం ఉన్న ముక్క కింద ఉంటే అదే ఎగిరిపోతుంది.

అలా కొన్నాళ్ళు పోల్చుకుంటూ పోతే నీ తప్పులు నీకే ఒక గుంపుగా కనిపిస్తాయి. ఒకరు ప్రతిదానికీ "పలువురు", "భారీగా" రాస్తారు, ఎంతమంది అని అడిగి ఉండరు. ఇంకొకరు ఎవరన్నారో చెప్పకుండా ఆరోపణని నిజంలా రాసేస్తారు, ఇది మాత్రం చాలా ప్రమాదం, పరువునష్టం కేసు దాకా వెళ్ళొచ్చు, పోలీసులు పట్టుకున్న మనిషి నిందితుడే, కోర్టు తేల్చేదాకా దోషి కాదు. ఇంకొందరికి లెక్కలు. నాలుగు శాతం ఉన్నది ఆరు శాతం అయితే పెరిగింది రెండు శాతం అని రాస్తారు, పెరిగింది రెండు శాతం పాయింట్లు, శాతంలో చెప్పాలంటే యాభై. పైన మొత్తం పన్నెండు మంది అని రాసి కింద పేర్లు పదకొండే ఇచ్చిన కాపీలు డెస్క్‌లో నేను ఎన్ని చూశానో. నీది ఏ రకం తప్పో తెలిస్తే సగం పని అయినట్టే, పంపే ముందు ఆ ఒక్కదాని కోసమే ఇంకోసారి చదువుకో.

ఆఫీసులో స్టైల్ షీట్ ఉంటే మొదటి రోజే అడిగి తీసుకో. అంకెలు ఎక్కడ వేయాలి, అక్షరాల్లో ఎప్పుడు రాయాలి, హోదా పేరుకి ముందా వెనకా, ఏ పదానికి ఏ స్పెల్లింగ్, అన్నీ ఉంటాయి. ఇలాంటివి దిద్దించుకోవడం కోసం సీనియర్ టైం వాడటం అన్యాయం, అవి నువ్వే చూసుకుంటే ఆ టైంలో ఆయన నీ ఇంట్రో గురించి మాట్లాడతాడు.

బైలైన్ గురించి మాత్రం అడక్కమ్మా. ఒక్కో ఆఫీసుకి ఒక్కో పద్ధతి ఉంటుంది, కొన్నిచోట్ల ఇంటర్నులకి అస్సలు ఇవ్వరు. రాయడం రాదేమో అన్న మాట అయితే నేను ఒప్పుకోను. రానివాళ్ళ కాపీ డెస్క్ దిద్దదు, పక్కన పడేస్తుంది. నీది కూర్చుని మార్చి మరీ వేస్తున్నారు.

ప్రశ్న: పెద్ద ఛానెల్లో ఛాన్స్ వచ్చింది, ఒక చిన్న వెబ్‌సైట్ వాళ్ళు కూడా రమ్మన్నారు. రెజ్యూమేలో పెద్ద పేరుంటే మంచిది కదా అక్కా?

జవాబు: పేరుకి విలువ ఉంది, లేదనను. కానీ ముందు ఇద్దరికీ ఒకే ప్రశ్న వేయి, ఇంతకుముందు వచ్చిన ఇంటర్నులు ఏం చేశారు అని. వీలైతే ఆ ఇంటర్నుల్లోనే ఒకరిని పట్టుకుని అడుగు, నిజం అక్కడే తెలుస్తుంది. పెద్ద చోట ఒక్క డిపార్ట్‌మెంట్‌లోనే ఉండిపోతావు, కానీ పని ఎంత పద్ధతిగా జరుగుతుందో చూస్తావు. చిన్న చోట మనుషులు తక్కువ కాబట్టి రాయడం, ఎడిట్ చేయడం, హెడ్డింగ్ పెట్టడం, పోస్ట్ చేయడం అన్నీ నీ చేతి మీదుగా వెళ్తాయి, అయితే దిద్దేవాళ్ళు లేకపోతే తప్పులే అలవాటైపోతాయి. నా ఓటు మాత్రం ఎక్కడ నీ కాపీని ఒక ఎడిటర్ కచ్చితంగా చదువుతాడో అక్కడికే, పెద్దదైనా చిన్నదైనా.

ప్రశ్న: కొత్తవాళ్ళకి ఫోన్ చేయాలంటే చేతులు వణుకుతాయి. వాట్సాప్‌లో ప్రశ్నలు పంపితే సరిపోదా? ఇంకో డౌట్, మాట్లాడాక "ఇది ఆఫ్ ది రికార్డ్" అంటే రాయకూడదా?

జవాబు: ప్రశ్నలు రాసి పంపితే వాళ్ళు ఆలోచించుకుని, పక్కవాళ్ళని అడిగి, చక్కగా కడిగిన జవాబు పంపుతారు. "అదెలా?" అని వెంటనే ఇంకో ప్రశ్న వేసే అవకాశం నీకు పోతుంది, వార్త చాలాసార్లు ఆ రెండో ప్రశ్నలోనే ఉంటుంది. తప్పనిసరైతే మెసేజ్ చేయి, అలవాటు మాత్రం చేసుకోకు.

భయం పోవడానికి, మొదటి రెండు వాక్యాలు కాగితం మీద రాసుకుని అదే చదువు. నేనెవరు, ఏ సంస్థలో ఇంటర్న్‌ని, దేని గురించి, ఎన్ని నిమిషాలు కావాలి. ఇంటర్న్ అని చెప్పుకోవడానికి సిగ్గుపడకు, దాచిపెట్టడం అసలు చేయకు. కింద మూడు ప్రశ్నలు రాసుకో, అవునో కాదో అనేసి తప్పించుకునేలా కాకుండా ఏమైంది, ఎలా అయింది అని చెప్పాల్సి వచ్చేలా రాసుకో. వాళ్ళు మాట్లాడటం ఆపాక నువ్వు వెంటనే అందుకోకు, కాస్త ఆగు, ఆ ఖాళీ భరించలేక వాళ్ళే ఇంకో ముక్క చెప్తారు, అదే చాలాసార్లు బాగుంటుంది. ఫోన్ పెట్టేసే ముందు పేరు అక్షరం అక్షరం, హోదా, చెప్పిన అంకెలు మళ్ళీ చదివి వినిపించు. చివరగా "దీని గురించి ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుందండీ?" అని తప్పకుండా అడుగు, తర్వాతి ఫోన్ నంబర్ అక్కడే దొరుకుతుంది. రికార్డ్ చేస్తుంటే ముందే చెప్పు.

ఆఫ్ ది రికార్డ్ అనేది మాట్లాడక ముందు ఇద్దరూ ఒప్పుకుంటేనే కుదిరే ఒప్పందం. అంతా చెప్పేశాక "ఇది రాయొద్దు" అంటే పద్ధతి ప్రకారం నువ్వు కట్టుబడాల్సిన పని లేదు, కానీ ఆ నిర్ణయం ఇంటర్న్‌గా నువ్వు తీసుకోకు. మంత్రి గారికి ఈ ఆట తెలుసు, జీవితంలో మొదటిసారి రిపోర్టర్‌తో మాట్లాడుతున్న మనిషికి తెలీదు, ఇద్దరినీ ఒకేలా చూడటం న్యాయం కాదు. వెంటనే చీఫ్ రిపోర్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పు. ఇంకో రకం ఉంది, సమాచారం వాడుకోవచ్చు, ఎవరన్నారో మాత్రం చెప్పకూడదు. మీటింగుల్లో దీన్ని చాతం హౌస్ రూల్ అంటారు, లండన్‌లోని చాతం హౌస్ అనే సంస్థ 1927లో పెట్టిన నియమం. ఎంబార్గో అని వేసిన ప్రెస్‌నోట్ వస్తే ఆ టైం దాకా బయటపెట్టకూడదు, ఇంటర్న్ ఉత్సాహంలో తన స్టేటస్‌లో పెట్టేస్తే పోయేది సంస్థ పరువు.

ఒక్క విషయం గట్టిగా చెప్తా. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న వాళ్ళ దగ్గరికి బైట్ కోసం నిన్ను ఒక్కదాన్నే పంపిస్తే, సీనియర్ ఒకరు తోడు కావాలని అడుగు. వెళ్ళాక మైక్ ముందు పెట్టకు, ముందు మాట్లాడతారా అని అడుగు, వద్దంటే వెనక్కి వచ్చేయ్. చిన్నపిల్లల విషయంలో పెద్దవాళ్ళ అనుమతి లేకుండా కెమెరా ఆన్ చేయకూడదు.

ప్రశ్న: మా ఆఫీసులో అందరూ ఏఐ వాడుతున్నారు. నేను కూడా చాట్‌జీపీటీతో కాపీ రాయించి కొంచెం మార్చి ఇస్తే తప్పా? వైరల్ వీడియోలు నిజమో కాదో ఎలా చూడాలి?

జవాబు: మొదట మీ సంస్థ రూల్ ఏంటో కనుక్కో, చాలా న్యూస్‌రూముల్లో ఇప్పుడు దీనికి రాతపూర్వకంగా నియమాలున్నాయి. ఎవరూ వాడొద్దనకపోయినా వాడితే చెప్పు. ఇంకా బయటకి రాని డాక్యుమెంట్లు, సోర్స్ పేర్లు, ఇంటర్వ్యూ రికార్డింగులు ఆఫీసు ఒప్పుకోకుండా ఇలాంటి టూల్స్‌లో వేయకు, ఒకసారి బయటి సర్వర్‌కి వెళ్ళింది నీ చేతిలో ఉండదు.

తప్పా అని అడిగావు కాబట్టి ఒకటి చెప్తా. 2025 మేలో చికాగో సన్ టైమ్స్ పేపర్లో ఎండాకాలంలో చదవాల్సిన పుస్తకాలని ఒక లిస్టు వచ్చింది. పదిహేను పుస్తకాల్లో పది అసలు లేనే లేవు, రచయితలు నిజమైనవాళ్ళే, పుస్తకాలు మాత్రం ఏఐ కల్పించినవి. అది పేపర్లకి కథనాలు అమ్మే బయటి సిండికేట్ నుంచి వచ్చిన సప్లిమెంట్, రాసిన ఫ్రీలాన్సర్ ఏఐ వాడి చెక్ చేయలేదని ఒప్పుకున్నాడు. ఒక్క పుస్తకం పేరు వెతికి చూసినా దొరికిపోయేది. కాబట్టి హెడ్డింగ్‌కి పది ఐడియాలు అడుగు, పొడుగు రిపోర్టులో ఏ పేజీలో ఏముందో వెతికించుకో, వచ్చిన ప్రతి అంకెనీ అసలు కాగితంలో చూసి రాయి. మొదటి డ్రాఫ్ట్ మాత్రం నువ్వే రాయి. పైన ఇంకో చెల్లికి చెప్పానే, నీ కాపీకీ డెస్క్ కాపీకీ తేడా చూసుకోమని, ఆ కాపీ నీది కాకపోతే ఆ తేడాలో నీకు నేర్చుకోడానికి ఏమీ ఉండదు. నువ్వు అక్కడికి వెళ్ళిందే దానికోసం.

వేరేవాళ్ళది ఎత్తేయడం ఏఐ రాకముందు నుంచీ ఉంది. జేసన్ బ్లెయిర్ అని, 1998లో న్యూయార్క్ టైమ్స్‌లో ఇంటర్న్‌గా చేరి తర్వాత అక్కడే రిపోర్టర్ అయ్యాడు. వార్త మొదట్లో తను వెళ్ళని ఊళ్ళ పేర్లు (డేట్‌లైన్) వేసి, చూడని మనుషుల గురించి రాసి, వేరే పేపర్ల నుంచి ముక్కలు ఎత్తేశాడు. 2003లో శాన్ ఆంటోనియో ఎక్స్‌ప్రెస్ న్యూస్ రిపోర్టర్ రాసిన కథనంతో అతని కథనం మరీ దగ్గరగా ఉండటంతో దొరికిపోయాడు, ఆ రిపోర్టర్ కూడా 1998లో అతనితో పాటే టైమ్స్‌లో ఇంటర్న్. అతను రాజీనామా చేశాడు, 2003 మే 11న ఆ పేపర్ తన మొదటి పేజీ నుంచే మొదలుపెట్టి అతని తప్పులన్నీ వివరంగా అచ్చేసుకుంది, జూన్‌లో ఇద్దరు పెద్ద ఎడిటర్లు కూడా వెళ్ళిపోవాల్సి వచ్చింది. నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు. ఇంటర్న్‌షిప్‌లో ఏ అలవాటు పడితే అదే నీతో పాటు ఉద్యోగంలోకి వస్తుందని చెప్తున్నా.

వైరల్ వీడియోకి వస్తే, ముందు ఒకటి రెండు ఫ్రేములు స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్ లాంటి దాంట్లో రివర్స్ ఇమేజ్ సెర్చ్ చేయి, చాలా వీడియోలు వేరే దేశంలో ఎప్పుడో జరిగినవని అక్కడే తేలిపోతుంది. దొరకకపోతే మొదట ఎవరు పోస్ట్ చేశారో వెతుకు, వీలైతే ఒరిజినల్ ఫైల్ అడుగు, ఎందుకంటే వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోకి ఎక్కడ ఎప్పుడు తీశారన్న మెటాడేటా మిగలదు. ఫ్రేమ్‌లో కనిపించే బోర్డులు, నంబర్ ప్లేట్లు, నీడలు, వాతావరణం, మనుషుల భాష చూడు. చివరికి ఆ చోట ఉన్న మనిషికి ఫోన్ చేసి అడుగు. తేలకపోతే తేలలేదనే డెస్క్‌కి చెప్పు, అలా చెప్పగలిగిన ఇంటర్న్ మీద నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ప్రశ్న: కెమెరా సెక్షన్‌లో పడ్డాను, ఎడిటర్ రోజూ నా ఫుటేజ్ చూసి తల పట్టుకుంటున్నాడు. నాలుగు ముక్కల్లో చెప్పండక్కా.

జవాబు: ఆ ఎడిటర్ పక్కన ఒక పూట కూర్చో, నీ ఫుటేజ్‌తో ఆయన ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో చూస్తే నేను చెప్పేదాని కంటే ఎక్కువ తెలుస్తుంది. మామూలుగా కొత్తవాళ్ళు చేసేది, కెమెరా ఊరికే తిప్పుతూ ఉంటారు. ప్రతి షాట్ కదలకుండా పది సెకన్లు పట్టుకో. వైడ్, మిడ్, క్లోజ్ మూడూ తీసుకో, చేతులు, కాగితాలు, ముఖాలు లాంటి ఇన్సర్ట్‌లు లేకపోతే ఆయనకి కట్ చేయడానికి చోటే ఉండదు. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుతుంటే వాళ్ళ మధ్య ఊహాగీత దాటి అవతలి వైపు వెళ్ళకు, వెళ్తే స్క్రీన్ మీద ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనిపిస్తారు. సెకనుకి 25 ఫ్రేముల్లో తీస్తుంటే షటర్ 1/50 పెట్టుకో, 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట లైట్లు మినుకుమినుకుమనవు. లైట్ మారిన ప్రతిచోటా వైట్ బ్యాలెన్స్ మళ్ళీ చూసుకో. హెడ్‌ఫోన్స్ లేకుండా ఆడియో రికార్డ్ చేయకు, గొంతు గట్టిగా పలికినచోట మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉండేలా పెట్టు, ఇంటర్వ్యూ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా ఆ గది శబ్దం అర నిమిషం రికార్డ్ చెయ్, ఎడిటింగ్‌లో అతుకులు దాచడానికి అది బంగారం. రెండుచోట్ల కాపీ అయ్యేదాకా కార్డ్ ఫార్మాట్ చేయొద్దు. ఫైల్ పేరులో తేదీ, విషయం ఉండాలి.

ప్రశ్న: మేడం, మా అమ్మాయికి ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఏమీ ఇవ్వట్లేదు, రాత్రి షిఫ్టులు కూడా వేస్తున్నారు. అడిగితే మీడియా అంటే అంతే అంటోంది. మానిపించాలా?

జవాబు: మీ ఆందోళన సబబే అండీ. మీడియాలో రాత్రి పని ఉంటుంది, పేపర్ తయారయ్యేదే రాత్రి, కాబట్టి ఆ పని చూడటం వరకు మంచిదే. కానీ రాత్రి షిఫ్ట్ వేస్తే ఇంటికి క్షేమంగా చేరే ఏర్పాటు కూడా ఆఫీసే చూడాలి, అది మొహమాటం లేకుండా అడగాల్సిన విషయం. డబ్బు ఇవ్వకపోతే కనీసం నేర్పాలి. నేర్పకుండా, డబ్బివ్వకుండా ఒక ఉద్యోగి చేయాల్సిన పని మొత్తం ఇంటర్న్ చేత చేయించుకోవడం దోపిడీ, దానికి మీడియా అంటే అంతే అని సర్దిచెప్పుకోనక్కర్లేదు. పని గంటలు, ఎవరి కింద పని, ఎన్ని వారాలు, ప్రయాణ ఖర్చులు, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు ఇవన్నీ ఒక మెయిల్‌లో రాయించుకోమనండి, కాలేజీలో ప్లేస్‌మెంట్ చూసే లెక్చరర్‌ని కూడా ఆ మెయిల్‌లో పెట్టమనండి.

ఇంకోటి మీ అమ్మాయితో మీరే నెమ్మదిగా మాట్లాడండి. ఎవరైనా ఇబ్బందిగా ప్రవర్తిస్తే, వేళ కాని వేళ మెసేజ్‌లు పెడితే, బైలైన్ ఆశచూపి బయట కలవమంటే, భరించాల్సిన పని లేదు. మెసేజ్‌లు డిలీట్ చేయకుండా ఉంచుకోమనండి, తేదీలతో రాసిపెట్టుకోమనండి, వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీ ఆఫీసులో ఉంటే అక్కడ, కాలేజీలో కూడా చెప్పమనండి. ఇంటర్న్ మాట ఎవరు వింటారని ఊరుకునేవాళ్ళే ఎక్కువ, అందుకే ఇంట్లోవాళ్ళు వెనకున్నారని ముందే తెలియాలి. మానిపించాలా అంటే, పై విషయాలు అడిగాక ఆఫీసు ఎలా స్పందిస్తుందో చూసి అమ్మాయినే నిర్ణయించుకోనివ్వండి.

ప్రశ్న: వచ్చే వారంతో ఇంటర్న్‌షిప్ అయిపోతుంది. ఉద్యోగం అడగొచ్చా? వెళ్ళే ముందు ఏం తీసుకోవాలి?

జవాబు: అడగొచ్చు, కానీ చివరి రోజు సాయంత్రం అందరూ హడావుడిలో ఉన్నప్పుడు కాదు. ఇప్పుడే, ఈ వారంలోనే, నీ పని దగ్గర్నుంచి చూసిన సీనియర్ ఒకరిని పావుగంట టైం అడుగు. మొదట ఉద్యోగం మాట ఎత్తకు. "నా పనిలో ఇంకా ఏది తక్కువుంది సార్?" అని అడిగి చెప్పింది రాసుకో, అప్పుడు "మళ్ళీ ట్రైనీలని తీసుకునేటప్పుడు నేను అప్లై చేయొచ్చా, మీ పేరు రిఫరెన్స్‌గా ఇవ్వొచ్చా" అని అడుగు. అనుమతి లేకుండా ఎవరి నంబరూ రెజ్యూమేలో పెట్టొద్దు.

అచ్చయినవీ ఎయిర్ అయినవీ వెంటనే సేవ్ చేసుకో. పేపర్ అయితే పేజీ పీడీఎఫ్, వెబ్ అయితే లింక్ ఒక్కటే కాకుండా పేజీ మొత్తం పీడీఎఫ్‌గా, ఎందుకంటే వెబ్‌సైట్ మారితే లింకులు చచ్చిపోతాయి. వీడియోకి ఆఫీసు పర్మిషన్ తీసుకుని కాపీ అడుగు. ప్రసారం కాని ఫుటేజ్, లోపలి డాక్యుమెంట్లు, సోర్సుల నంబర్లు మాత్రం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రావడం తప్పు, అవి నీవి కావు. ప్రతిదాని కిందా నువ్వు చేసిందేంటో నిజాయితీగా రాయి, "రీసెర్చ్, రెండు ఇంటర్వ్యూలు నేను చేశాను, స్క్రిప్ట్ ఫలానా ప్రొడ్యూసర్‌ది" అని. మొత్తం నేనే చేశానని రాసేవాళ్ళని ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలతో పట్టేస్తారు. అన్నీ పెట్టకు, బాగున్నవి ఐదారు చాలు. వాటిలో ఒకదానికి నీ మొదటి కాపీ, దిద్దిన కాపీ పక్కపక్కన నీ దగ్గర ఉంచుకో, పోర్ట్‌ఫోలియోలో పెట్టడానికి కాదు, రేపు ఇంటర్వ్యూలో ఏం నేర్చుకున్నావు అని అడిగితే గాల్లో మాట్లాడకుండా చెప్పడానికి.

వెళ్ళే ముందు ఎడిటర్‌కే కాదు, నీకు సాఫ్ట్‌వేర్ చూపించిన ఎడిటింగ్ అబ్బాయికి, లైబ్రరీలో టేపులు వెతికిపెట్టిన ఆయనకి, షూట్‌కి తీసుకెళ్ళిన డ్రైవర్‌కి కూడా థాంక్స్ చెప్పి రా. ఎక్కడ ఖాళీ ఉందో అందరికంటే ముందు తెలిసేది చాలాసార్లు వాళ్ళకే. తర్వాత మూడు నాలుగు నెలలకోసారి నీ సీనియర్‌కి చిన్న మెయిల్ పెట్టు, కాలేజీ మ్యాగజైన్‌లోనో బయటో కొత్తగా ఏం రాశావో రెండు లైన్లు, ఒక లింక్. అప్పుడు నీలో తక్కువుందని ఆయన చెప్పిన విషయం ఇప్పుడు ఎంతవరకు వచ్చిందో కూడా అందులో ఒక లైన్ రాయి.